నలభై రెండో రోజు



కార్తీకం వచ్చిందంటే మన వరంగల్‌లో తెల్లవారుజాము మారిపోతుంది. నాలుగింటికే బోరింగు చప్పుడు, చన్నీళ్ళు తలమీద కుమ్మరించుకుంటున్న చప్పుడు, ఆ వెంటనే శరణుఘోష. నల్లబట్టలు, మెడలో తులసిమాల, నుదుట విభూతి. కాళ్ళకు చెప్పులుండవు. నిన్నటిదాకా పేరు పెట్టి పిలిచిన మనిషిని ఇవాళ స్వామీ అంటాం. ఆటో నడిపే స్వామి, మార్కెట్లో బస్తాలు మోసే స్వామి, ఆఫీసులో ఫైళ్ళు చూసే స్వామి. ఎండాకాలంలో కాషాయం బట్టలతో ఆంజనేయస్వాములు కనబడతారు. చిన్న జయంతికో పెద్ద జయంతికో కొండగట్టుకు పోయి వాళ్ళు మాల తీస్తారు.

ఈ స్వాముల్లో తాగుడు మానాలని మాల వేసుకున్నవాళ్ళు ఎందరో ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళకు తెలుసు. పిల్లలకు ఇంకా బాగా తెలుసు. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టే ఈ మాటలు చెప్పడానికి వచ్చాను.

మేము లేబర్ కాలనీలో ఉండేవాళ్ళం. నాయిన ఆజంజాహి మిల్లులో మగ్గాల మీద పనిచేసేవాడు. నిజాం కాలంలో, 1934లో పెట్టిన మిల్లు అది. దాని సైరన్‌తోనే మా కాలనీ నిద్రలేచేది. జీతాల రోజు అవ్వ మమ్మల్ని వెంటబెట్టుకుని గేటు దగ్గర నిలబడేది. అట్లా నిలబడే ఆడవాళ్ళు ఇంకా చాలామంది ఉండేవాళ్ళు. డబ్బు అక్కడే చేతికందితే ఆ నెల బియ్యం వచ్చేవి. అందకపోతే కల్లు కాంపౌండు దాటి ఇంటికి వచ్చేసరికి సగం ఉండేది కాదు.

నాయిన తాగి వచ్చిన రాత్రి మేము ముగ్గురం పిల్లలం గోడవైపు తిరిగి, నిద్రపోయినట్టు ఊపిరి తీసేవాళ్ళం. ఆ ఊపిరి ఎట్లా తీయాలో నాకిప్పటికీ గుర్తుంది. ఒకసారి అవ్వ ఎడమచేయి మణికట్టు దగ్గర విరిగింది. కట్టు కట్టేటప్పుడు అడిగితే, బావి దగ్గర జారిపడ్డానని చెప్పింది. పక్కన నిలబడి విన్నాను నేను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

అట్లాంటి మనిషి కార్తీకంలో మాల వేసుకునేవాడు. తెల్లారేసరికి ఇల్లు ఇల్లుగా ఉండేది. కటికనేల మీద చాప. మధ్యాహ్నం భిక్ష, రాత్రికి అల్పాహారం. సాయంత్రం మాకు ఎక్కాలు అప్పజెప్పించుకునేవాడు. అవ్వను ‘మాతా’ అని పిలిచేవాడు. మొన్నటిదాకా ఏ నోట తిట్లు వచ్చాయో ఆ నోటనే. మొదటి రెండు మూడు రోజులు అవ్వ ఆ పిలుపుకు పలికేది కాదు. తర్వాత మెల్లగా పలికేది.

సంవత్సరంలో మాకు 41 రోజులు నాయిన ఉండేవాడు. ఆ రోజుల్లోనే మేము నవ్వడం, కొట్లాడుకోవడం, గట్టిగా మాట్లాడుకోవడం చేసేవాళ్ళం. అవ్వ క్యాలెండరు మీద గీతలు పెట్టేది కాదు, కానీ లెక్క ఆమె లోపల నడిచేది. ముప్పై దాటిన తర్వాత ఆమె మాటలు తగ్గిపోయేవి. ఇరుముడి కట్టుకుని స్వాములంతా వరంగల్ స్టేషన్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, చెంగన్నూరులో దిగి కొండకు పోయేవాళ్ళు. తిరిగొచ్చి మాల తీసి, అరవణ ప్రసాదం ఇంటింటికీ పంచేవాళ్ళు. ఆ మర్నాడు పొద్దూకేసరికి పాత దోస్తులు గుమ్మం ముందుకు వచ్చి, ‘యాత్ర మంచిగ అయిందా అన్నా’ అని అడిగేవాళ్ళు. చెప్పులు వేసుకుని నాయిన వాళ్ళ వెంట వెళ్ళేవాడు. నలభై రోజులు కాళ్ళకు లేని ఆ చెప్పుల చప్పుడు మెట్లు దిగుతుంటే అవ్వ పొయ్యి ముందు నుంచి కదిలేది కాదు.

ఆ నలభై రెండో రోజు గురించే నా మాటంతా.

పెద్దయ్యాక నేను ఎంతో ఆలోచించాను. అంత తాగేవాడు 41 రోజులు ఎట్లా ఆగగలిగాడు? మనసు గట్టిదైతే మిగతా రోజుల్లో ఆ గట్టితనం ఎక్కడికి పోయింది? దేవుడి భయం అన్నారు కొందరు. మాల తీయగానే దేవుడు ఎక్కడికీ పోడు కదా! కొంచెం నిదానంగా చూస్తే నాకు కనబడింది ఇది. ఆ నలభై ఒక్క రోజులు నాయిన ఒంటరిగా లేడు. పొద్దున నాలుగింటికి లేపడానికి పక్కింటి స్వామి ఉన్నాడు. సాయంత్రం ఖాళీగా ఉండే గంట, అంటే కాళ్ళు కాంపౌండు దిక్కు లాగే గంట, భజనతో నిండిపోయింది. చేసేది తప్పో ఒప్పో చెప్పడానికి గురుస్వామి ఉన్నాడు. నల్లబట్టలతో దుకాణం ముందు నిలబడితే ఊరంతా చూస్తుంది. అన్నిటికన్నా పెద్దది ఆ పిలుపు. ‘తాగుబోతు’ అని ఊరు పిలిచిన మనిషిని అదే ఊరు ‘స్వామీ’ అని పిలిచింది. శబరిమల గుడి మీద ‘తత్త్వమసి’ అని రాసి ఉంటుంది. నువ్వు వెతుకుతున్నది నువ్వే అని దాని అర్థం. ఎదుటివాళ్ళు పదిమంది రోజుకు వందసార్లు ‘స్వామీ’ అంటుంటే ఒక మనిషి లోపల ఏదో లేచి కూర్చుంటుంది.

మాల తీసిన రోజు ఇవన్నీ ఒకేసారి పోతాయి. పిలుపు పోతుంది, తోడు పోతుంది, సాయంత్రం ఖాళీ అవుతుంది. మనిషిని మాత్రం నిలబడమంటాం.

నాకు పదమూడేళ్ళు ఉన్నప్పుడు, నలభై రెండో రోజు సాయంత్రం దోస్తులకన్నా ముందు గురుస్వామి వచ్చాడు. బట్టలు కుట్టుకుని బతికే మనిషి ఆయన. ఒకప్పుడు ఆయనా తాగినవాడేనని, తాగుడు వల్ల కుట్టుమిషన్ అమ్ముకున్నాడని కాలనీలో అందరికీ తెలుసు. లోపలికి రాకుండా అరుగు మీదనే కూర్చుని, జేబులోంచి చిన్న తాళంచెవి తీశాడు. మేము భజన చేసుకునే చిన్న మందిరం తాళం అది.

‘రేపటి సంది పొద్దూకంగ దీపం నువ్వే పెట్టాలె. నాకు మోకాళ్ళు సహకరిస్తలేవు’ అన్నాడు. కాసేపాగి, ‘ఎన్నడన్న తాగాలనిపిస్తే తాళం దెచ్చి నా చేతుల వెట్టి అప్పుడు తాగు. తాగి గుడి తలుపు తియ్యకు’ అన్నాడు. వద్దని గానీ, ఒట్టు పెట్టుకోమని గానీ అనలేదు.

నాయిన ఆ తాళంచెవి తీసుకుపోయి ఇచ్చిన రోజులున్నాయి. మొదటి ఏడు రెండుసార్లు ఇచ్చాడు. రెండుసార్లూ గురుస్వామి తిట్టలేదు. తాళం తీసుకుని, రెండు మూడు రోజుల తర్వాత మళ్ళీ తానే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మూడోసారి తాళం తిరిగి ఇయ్యడానికి పోయిన నాయిన, అర్ధరాత్రిదాకా అక్కడే మాట్లాడి తాగకుండా ఇంటికి వచ్చాడు. తర్వాత ఆయన తాగలేదు.

చాలా ఏళ్ళ తర్వాత నేను టీచరుగా పనిచేస్తున్నప్పుడు ఒక పుస్తకంలో అమెరికా సంగతి చదివి ఉలిక్కిపడ్డాను. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే ఆయన వ్యాపారం పని మీద ఆక్రన్ అనే ఊరికి వెళ్ళాడు. తాగుడు మానేసి అప్పటికి కొన్ని నెలలే. వచ్చిన పని చెడిపోయింది. హోటల్లో ఒక పక్క బారు, అందులోంచి నవ్వులు. ఇంకొక పక్క గోడకు చర్చిల పేర్లు, ఫోన్ నంబర్లు. అతను బారులోకి పోకుండా ఒక పాదిరికి ఫోన్ చేశాడు. నాకు ఇంకొక తాగుబోతుతో మాట్లాడాలని ఉంది, ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. అట్లా వెతుకుతూ పోతే బాబ్ స్మిత్ అనే డాక్టరు దొరికాడు. ఆయనా తాగుడుకు బానిసే. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. ఆ డాక్టరు చివరిసారి తాగింది 1935 జూన్ 10న. ఆ రోజునే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కపెడతారు. ఏఏ అని పిలుచుకునే ఆ సంఘాలు ఇప్పుడు ప్రపంచమంతటా ఉన్నాయి, మన హైదరాబాద్, సికింద్రాబాద్‌లలోనూ ఉన్నాయి. ఫీజు ఉండదు. ఇంటిపేరు కూడా చెప్పనక్కరలేదు. మానడానికి వాళ్ళు చెప్పుకునే పన్నెండు మెట్లలో దేవుడి మాట ఉంటుంది, కానీ ఎవరికి అర్థమైన దేవుడు వారికే అని వదిలేశారు.

ఆ డాక్టరుకు తోడుగా సిస్టర్ ఇగ్నేషియా అనే కన్యాస్త్రీ ఉండేది. సెయింట్ థామస్ ఆసుపత్రిలో రోగుల్ని చేర్చుకునే బల్ల దగ్గర ఆమె పని. తాగుబోతుల్ని ఆసుపత్రిలో చేర్చుకోని కాలం అది. 1939లో మొదటి మనిషిని కడుపులో మంట అని రాసి చేర్పించింది. తర్వాత వేలమంది ఆమె చేతుల మీదుగా పోయారు. ఇంటికి పోయేటప్పుడు ఒక్కొక్కరికీ యేసు తిరుహృదయం బొమ్మ ఉన్న చిన్న బిళ్ళ ఇచ్చేది. మళ్ళీ తాగాలనుకుంటే, తాగే ముందు వచ్చి ఆ బిళ్ళను నా చేతికి తిరిగి ఇవ్వాలి అని చెప్పేది.

ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. లేబర్ కాలనీ అరుగు మీద కూర్చున్న మా గురుస్వామికి ఆక్రన్ ఎక్కడుందో తెలియదు. ఆ సిస్టరుకు అయ్యప్ప తెలియడు. ఇద్దరూ ఒకే పని చేశారు. మొదటి గుక్కకూ మనిషికీ నడుమ ఇంకొక మనిషిని నిలబెట్టారు.

విశ్వాసం పేరుతో ఇట్లా జరిగేదంతా మనసుకు తోచే భ్రమేనా అని అడిగేవాళ్ళుంటారు. అడగడం న్యాయమే. 2020లో కోక్రేన్ అనే వైద్య పరిశోధన సంస్థ 27 అధ్యయనాలు, పదివేలకు పైగా మనుషుల వివరాలు కలిపి చూసింది. పూర్తిగా మానేసి, ఆ మానడాన్ని నిలబెట్టుకునే విషయంలో ఏఏ పద్ధతి, ఆ మెట్ల మీదికి రోగిని నడిపించే చికిత్స మిగతా మానసిక చికిత్సలకన్నా మెరుగ్గా ఉన్నాయని తేల్చింది. ఎందుకు పనిచేస్తుందని వెతికినవాళ్ళకు కనబడిన కారణాల్లో ముఖ్యమైనది తిరిగే మనుషులు మారడం. తాగేవాళ్ళ జట్టు తగ్గి, తాగనివాళ్ళ జట్టు పెరగడం. బాగా ముదిరినవాళ్ళలో భక్తి కూడా తన వంతు పని చేస్తుంది. మా అవ్వ ఈ మాటే వేరే విధంగా చెప్పేది: ‘మీ నాయిన మారలే బిడ్డా, మీ నాయిన ఎంబడి తిరిగేటోళ్ళు మారిండ్రు.’

ఇక్కడ ఒక్క విషయం మటుకు గట్టిగా చెప్పాలి. దయచేసి వినండి.

రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. మా నాయినకే ఒక ఏడు మాల వేసుకున్న రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. నోట నురగ, కళ్ళు తేలవేయడం. దీక్షలో ఏదో తప్పు జరిగింది, స్వామికి కోపం వచ్చిందని ఇంట్లో అందరూ కొబ్బరికాయలు కొట్టబోయారు. గురుస్వామే రిక్షా పిలిచి పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడ డాక్టరు చెప్పినది నాకు తర్వాత అర్థమైంది. సారాయి మెదడును ఏళ్ళతరబడి అణచిపెడుతుంటే, మెదడు తట్టుకోవడానికి ఎదురు తోసుకుంటూ ఉంటుంది. అణిచే చేయి హఠాత్తుగా తీసేస్తే ఆ తోపు మొత్తం ఒక్కసారి పైకి వస్తుంది. మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి తప్పి, లేని మనుషులు కనబడతారు, గోడల మీద పురుగులు పాకినట్టుంటుంది. అది దయ్యమూ కాదు, పూనకమూ కాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలసిన జబ్బు. దానికి మందులున్నాయి, బి1 విటమిన్ సూదులున్నాయి. మన ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

కల్లు అయితే మత్తు తక్కువ కదా అనుకోకండి. చెట్టు నుంచి దించిన కల్లు వేరు. దుకాణాల్లో దొరికే కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలం కలిపిన సంగతి మన రాష్ట్రంలో ఎన్నోసార్లు బయటపడింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి దుకాణాలన్నీ మూతపడ్డప్పుడు వింత ప్రవర్తనలతో, ఫిట్స్‌తో జనం ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వరుసకట్టారు. వాళ్ళు ఇష్టపడి మానినవాళ్ళు కాదు. కాబట్టి మాల వేసే గురుస్వాములకు నా ప్రార్థన: రోజూ తాగే మనిషి మాల కోసం వస్తే, ముందు డాక్టరుకు చూపించి రమ్మనండి. అన్నంలో ఎవరికీ తెలియకుండా మందు కలిపి మాన్పిస్తామనేవాళ్ళను నమ్మకండి. అట్లాంటి మాత్రలు కడుపులో ఉండగా తాగితే గుండె ఆగే ప్రమాదం ఉంది.

మన భక్తి అంతా తాగుడుకు ఎదురు నిలిచేదే అని నేను అనను. మన దేవతలకు కల్లు సాక పోస్తాం. సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బెల్లం తూగి బంగారం అని సమర్పిస్తాం. అదే బెల్లం పటికతో కలిసి పల్లెల్లో గుడుంబా అయింది, ఎన్నో కొంపలు కూల్చింది. జాతర అంటే మందు, మాంసం అని పెరిగినవాళ్ళం. అది మన సంబరం, దాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కానీ మానేసిన మనిషికి ఆ రోజు కత్తి మీద నడక. మా ఇంట్లో పోచమ్మ పండుగకు అవ్వ, నాయిన మానిన ఏడు నుంచి బెల్లం నీళ్ళతో సాక పోసింది. కులపెద్ద ఒకాయన ఇదేం పద్ధతి అన్నాడు. ‘తల్లికి నా కష్టం ఎరుకే’ అని అవ్వ చెంబు వంచింది. పోచమ్మ కోపగించుకోలేదు. ఇప్పటికీ మా ఇంట్లో బెల్లం నీళ్ళే.

ఇది అయ్యప్ప ఒక్కడి సంగతీ కాదు. ఫాతిమానగర్ దిక్కున ఈస్టర్ ముందు నలభై రోజులు మందు ముట్టనివాళ్ళున్నారు. కాజీపేట దర్గా దగ్గర రంజాన్ నెలంతా జర్దా, గుట్కా మానినవాళ్ళున్నారు. ఈస్టర్ మరునాడు, పండుగ చంద్రుడు కనబడిన రాత్రి, వాళ్ళకూ ఆ నలభై రెండో రోజు వస్తుంది. పాదిరిగారైనా, ముతవల్లి సాబ్ అయినా, పూజారి అయినా ఆ రోజు ఆ మనిషి చేతికి ఒక పని ఇవ్వగలిగితే బాగుంటుంది. గంట కొట్టే పని, చాపలు పరిచే పని, వచ్చినవాళ్ళకు నీళ్ళిచ్చే పని. చిన్నదైనా సరే, అతను రాకపోతే ఆగిపోయే పని అయి ఉండాలి.

ఇక దెబ్బల సంగతి. ఇది చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం గట్టిపడుతుంది, మన్నించండి.

అవ్వ చెయ్యి విరిగి పుట్టింటికి పోయినప్పుడు, దైవభక్తిపరులైన పెద్దలే వచ్చి తిరిగి పంపారు. మొగడు దేవుడసొంటోడు, ఓర్చుకో బిడ్డా, నీ పూజలే వాణ్ణి మారుస్తయి అన్నారు. ఆమె ఓర్చుకుంది. తర్వాత ఇంకా నాలుగేళ్ళు దెబ్బలు తిన్నది. భక్తి పేరుతో ఒక ఆడమనిషిని దెబ్బల్లోకి తిరిగి పంపడం పాపం. దానికి వేరే పేరు లేదు. తాగినవాడు మారేదాకా పక్కింట్లో, పుట్టింట్లో, ఎక్కడైనా ఆమె, పిల్లలు భద్రంగా ఉండాలి. మారడం అతని పని. ఆమె పూజలు తక్కువై అతను తాగడం లేదు, ఆమె మాట పెంచి అతను కొట్టడం లేదు. తాగుడు మానితే చెయ్యి కూడా ఆగుతుందని నమ్మకం పెట్టుకోకూడదు కూడా. మందు ముట్టకుండా కొట్టేవాళ్ళను నేను చూశాను. అవి రెండూ రెండు జబ్బులు, రెంటికీ విడివిడిగా జవాబు చెప్పాలి. గృహహింస నుంచి రక్షణ ఇచ్చే చట్టం 2005లో వచ్చింది. ఇల్లు అతని పేరున ఉన్నా, ఆమెను ఆ ఇంట్లోంచి వెళ్ళగొట్టకుండా కోర్టు ఆపగలదు. 181కి ఫోన్ చేయవచ్చు, సఖి కేంద్రాలున్నాయి.

మాన్పిస్తాం, దేవుడి పేరున బాగుచేస్తాం అని మనుషుల్ని గొలుసులతో కట్టి ఉంచే చోట్లకు కూడా ఎవరినీ పంపకండి. తమిళనాడులో ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న అట్లా కట్టేసి ఉంచిన 28 మంది మంటల్లో కదలలేక చనిపోయారు. ప్రార్థన చేసే చోట తలుపు తెరిచి ఉండాలి.

ఏఏ పన్నెండు మెట్లలో ఎనిమిది, తొమ్మిది మెట్లు నాకు చాలా ఇష్టం. నీవల్ల నష్టపోయినవాళ్ళ పేర్లు రాసుకో, వాళ్ళకు మళ్ళీ దెబ్బ తగలదనుకుంటేనే ఎదురుపడి ఆ నష్టం సరిదిద్దు అని వాటి సారం. క్షమించమని అడిగి చేతులు దులుపుకోవడం వేరు, సరిదిద్దడం వేరు. నాయిన ఆ పుస్తకం చదవలేదు. ఆయన చేసిందేమిటంటే, తాగుడు మానిన రోజు నుంచి జీతం కవరు విప్పకుండా తెచ్చి అవ్వ ముందు పెట్టాడు. గేటు దగ్గర ఆమె ఇక నిలబడలేదు. నీళ్ళ బిందె ఆయనే మోశాడు, ఎందుకంటే ఆ ఎడమచేయి బరువు పట్టేది కాదు. ఆ చెయ్యి ఎందుకు అట్లా అయిందో మా ముగ్గురి ముందూ ఒక సాయంత్రం ఆయన నోటనే చెప్పాడు. బావి దగ్గర జారలేదని చెప్పాడు. నా జీవితంలో నేను విన్న పెద్ద ప్రార్థన అదే.

చట్టాల సంగతి చెప్పకపోతే ఈ మాట సగమే అవుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా పోయింది. 1995 జనవరి 16న మద్యం మొత్తం నిషేధమైంది, 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. ఆ రెండేళ్ళలో ఎన్ని ఇళ్ళల్లో పొయ్యి వెలిగిందో మా కాలనీ ఆడవాళ్ళను అడగాలి. ఎత్తేసిన తర్వాత వచ్చింది కూడా ఒక నలభై రెండో రోజే. అదే మన గీసుగొండ మండలంలో గంగదేవిపల్లి ఉంది. ఆ ఊరు తనంత తాను మద్యం వద్దనుకుంది. ఊళ్ళో కమిటీలు వేసుకుని ఆ మాట నిలబెట్టుకుంది. పైనుంచి వచ్చిన హుకుం తీసేయవచ్చు, ఊరు ఊరంతా మాల వేసుకుంటే తీసేదెవరు? మన తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో నూటికి 43 మంది తాగుతున్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దేశం మొత్తం మీద మద్యానికి బానిసలైనవాళ్ళలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019లో కేంద్రం వేయించిన సర్వే తేల్చింది. మిగతా 37 మంది ఎక్కడున్నారు? మన వాడల్లోనే, మన అరుగుల ముందు నుంచే నడిచిపోతున్నారు.

చికిత్స ఎక్కడ దొరుకుతుందో అడగడానికి 14446 నంబరు ఉంది. మనసు బాగాలేనప్పుడు, ఇంట్లోవాళ్ళైనా సరే, 14416కు చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. రెంటికీ డబ్బు పడదు. ఈ నంబర్లు గుడి గోడల మీద, చర్చి గేటు మీద, దర్గా కమాను కింద రాసి పెట్టవచ్చు.

ఈ కార్తీకంలో మీ వాడలో ఎవరో ఒకరు మాల వేసుకుంటారు. ఎందుకు వేసుకున్నారో మీకు తెలిసే ఉంటుంది. మాల తీసిన మర్నాడు, పొద్దూకక ముందే, పాత దోస్తులకన్నా ముందే ఆ ఇంటికి వెళ్ళండి. బోధ చేయవద్దు. అరుగు మీద కూర్చోండి. చేతికి ఏదైనా పని ఇవ్వండి.

నాయిన పోయి చాలా ఏళ్ళయింది. దినాలయిన తర్వాత అవ్వ ఆయన పెట్టెలోంచి ఆ తాళంచెవి తీసి, అప్పటికి ముసలివాడైన గురుస్వామి చేతిలో పెట్టి వచ్చింది. దారిలో నేను అడిగాను, నాయినను నువ్వు మన్నించినవా అవ్వా అని. చిన్నప్పటి నుంచి అడగాలనుకున్న ప్రశ్న అది. అవ్వ వెంటనే జవాబు చెప్పలేదు. పోచమ్మ మైదాన్ దాటేదాకా నడిచాం.

‘అది నాకు తెల్వదు బిడ్డా’ అంది. ‘గని ఆయన దీపం వెట్టుడు మొదలువెట్టినంక నాకు రాత్రిపూట నిద్రవట్టింది.’